టాన్, చాన్, చెన్, త్రాన్: ఒకే ఇంటిపేరా, వేరువేరా?

గోదారిగట్టు
మన పత్రికల్లో చైనా పేర్లు రాసే తీరు చూస్తే ఒళ్లు మండుతోంది. లీ క్వాన్ యూ గురించి రాస్తూ రెండో పేరాకి వచ్చేసరికి "యూ అన్నారు" అంటారు. ఆయన ఇంటిపేరు లీ. ఇంటిపేరు ముందు రాసుకునే మనకే ఇది తట్టకపోతే ఎట్లా?

అసలు సందేహానికి వస్తా. సింగపూర్ టాన్, హాంకాంగ్ చాన్, బీజింగ్ చెన్, వియత్నాం త్రాన్ నాలుగూ ఒకటేనంటారు. నిజమేనా? మరి ఇండోనేషియాలో విజయ, సలీం అని పేర్లున్న చైనీయుల సంగతేంటి? పేరు వెనక వంశాన్ని పట్టుకునే దారి ఏదైనా ఉందా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా రాయండి.

మలక్కాగాలి
నిజమే. నాలుగింటికీ అక్షరం ఒకటే, పలకడమే ప్రాంతాన్ని బట్టి మారుతుంది. మాండరిన్‌లో చెన్, హొక్కియన్‌లో టాన్, కాంటనీస్‌లో చాన్, హక్కాలో చిన్, వియత్నాంలో త్రాన్.

హొక్కియన్ అంటే ఫూజియన్ రాష్ట్రం దక్షిణ తీరం, అంటే షియామెన్, చ్వాన్‌జౌ, జాంగ్‌జౌ చుట్టుపక్కల మాట. తియోచ్యూ దాని కింద గ్వాంగ్‌డాంగ్ తూర్పు కొసన షాంతౌ వైపు. హక్కా ఆ వెనక కొండసీమ. కాంటనీస్ గ్వాంగ్‌జౌ, హాంకాంగ్. ఏ రేవు నుంచి ఓడ ఎక్కారో ఆ యాసే ఇంగ్లీషు, డచ్చి, స్పానిష్ గుమాస్తాల చెవిన పడింది. వాళ్లు విన్నది విన్నట్టు రాసుకున్నారు.

మరికొన్ని:
లిన్ (మాండరిన్), లిమ్ (హొక్కియన్), లామ్ (కాంటనీస్, వియత్నాం), ఇమ్ లేదా లిమ్ (కొరియా).
జాంగ్, తియో, చ్యూంగ్, హక్కాలో చోంగ్, వియత్నాంలో త్రువాంగ్.
త్సాయ్, హొక్కియన్‌లో చువా, కాంటనీస్‌లో చోయ్.
యాంగ్, హొక్కియన్‌లో యో, కాంటనీస్‌లో యూంగ్, వియత్నాంలో జువాంగ్.

ఎవరు ఎక్కడ స్థిరపడ్డారో కూడా గుర్తుంచుకోవాలి. ఫిలిప్పీన్స్‌లో దాదాపు అందరూ హొక్కియన్లే. పెనాంగ్, సింగపూర్‌లో వాళ్లదే ఎక్కువ. బ్యాంకాక్ తియోచ్యూ వాళ్లది. కౌలాలంపూర్, ఇపో కాంటనీస్. పశ్చిమ కాలిమంతన్‌లోని సింగ్‌కవాంగ్, బంగ్కా దీవి, సబా హక్కా వాళ్లవి.

ఓరుగల్లు72
అంటే స్పెల్లింగ్ చూసి వంశం చెప్పేయొచ్చన్నమాట. ఇంత తేలికా?

లిపిలోకం
తేలిక కాదు, ఓరుగల్లు గారూ. అక్షరం తెలిస్తే స్పెల్లింగ్ ఊహించొచ్చు. స్పెల్లింగ్ నుంచి అక్షరానికి వెళ్లబోతే బోర్లా పడతాం.

ఎన్, జీ రెండే అక్షరాలుండే ఇంటిపేరు తీసుకోండి. ఆ మనిషి పూర్వీకులు హొక్కియన్, తియోచ్యూ అయితే అది హ్వాంగ్. కాంటనీస్ అయితే వూ. రెండూ సంబంధం లేని వంశాలు. అదే హ్వాంగ్‌ని పెనాంగ్‌లో ఊయి అనీ, సింగపూర్‌లో కొందరు వీ అనీ, డచ్చి కాలపు జావాలో ఊయి పలుకుబడికే ఓ, ఈ, ఐ పెట్టి వేరే స్పెల్లింగ్‌లోనూ, హక్కాలు కొన్నిచోట్ల బోంగ్ అనీ రాశారు. వూ వంశాన్ని హొక్కియన్లు గో అంటారు.

వాంగ్ ఇంకా చిక్కు. కాంటనీస్‌లో వాంగ్, హ్వాంగ్ రెండు వంశాల పలుకుబడీ ఒకటే. పోనీ వాంగ్ అని రాస్తే కాంటనీస్ వాళ్లేనా అంటే అదీ లేదు. సింగపూర్ ప్రధాని లారెన్స్ వాంగ్ తండ్రిది హైనాన్ దీవి.

చాంగ్ అని కనిపిస్తే ముందు ఏ పద్ధతిలో రాశారో చూడాలి. తైవాన్‌లో వాడే పాత వేడ్-జైల్స్ పద్ధతిలో అది జాంగ్ వంశం. ఇప్పుడు చైనా ప్రభుత్వం వాడే లాటిన్ లిపి పద్ధతి పిన్‌యిన్‌లో చాంగ్ వేరే వంశం. కో అన్నది షూ కావచ్చు, గావ్ కావచ్చు.

కాబట్టి లాటిన్ అక్షరాలు చూసి బంధుత్వం తేల్చొద్దు. చైనా అక్షరం ఏదో అడగాలి.

చింతచిగురు
చైనీస్ చదవడం రానివాడు అక్షరం ఎట్లా అడుగుతాడు? చూపించినా గుర్తుపట్టలేం కదా.

లిపిలోకం
దానికి వాళ్లే దారి పెట్టుకున్నారు. అక్షరాన్ని ముక్కలు చేసి నోటితో చెబుతారు. "చెవి, తూర్పు" అంటే చెన్. ఆ అక్షరంలో ఎడమ సగాన్ని చెవి అంటారు, కుడి సగం తూర్పు. "జంట చెట్లు" అంటే లిన్. "చెట్టు కింద బిడ్డ" అంటే లీ. "నోరు, దాని కింద ఆకాశం" అంటే వూ. "విల్లు, పొడుగు" అంటే జాంగ్. ఇక "మూడు గీతల వాంగా, గడ్డితల హ్వాంగా?" అని అడిగితే వాంగ్ చిక్కు వీడిపోతుంది. మూడు గీతలది మూడు అడ్డగీతల్ని ఒక నిలువు గీత కలిపినట్టుంటుంది, ఒక్కరోజు కూడా చైనీస్ చదవనివాళ్లు సైతం పట్టేయొచ్చు. గడ్డితలది పైన గడ్డి గుర్తు, నడుమ పెట్టె, కింద రెండు చుక్కలు.

తెనాలి_చినబాబు
హాంకాంగ్‌లో గడ్డితల అనరు, "బొజ్జ వాంగ్" అంటారు. నడుమ ఉన్న ఆ పెట్టెని చూసి. ఈ పేరున్న సన్నటివాళ్ల బాధ ఎవరికి చెప్పుకోవాలి :)

పాతపటం
మలేషియాకి, సింగపూర్‌కి మధ్య తేడా ఒకటి చెప్పాలి. పలుకు ఒకటే అయినా పెనాంగ్ వైపు చివర హెచ్ తగిలిస్తారు. తియో, యో, చువా అనే పేర్లకి అక్కడ హెచ్ ఉంటుంది, సింగపూర్‌లో చాలావరకు ఉండదు. సింగపూర్ చియా పెనాంగ్‌లో స్పెల్లింగ్ మార్చుకుంటుంది, సింగపూర్ టే అక్కడ తే అవుతుంది. ఒకే తల్లి బిడ్డల జనన పత్రాల్లో కూడా స్పెల్లింగ్ తేడా రావడం మామూలే, గుమాస్తా మారితే చాలు. పాత కాగితాల్లో వెతికేటప్పుడు ఒక్క స్పెల్లింగ్‌తో ఆగిపోతే సగం దొరకవు.

కొత్తపేట_కుర్రాడు
ఇంత గందరగోళం దేనికి? అక్షరం ఒకటే అయినప్పుడు తెలుగులో అందరికీ మాండరిన్ పలుకే రాసేస్తే సరి. టాన్, చాన్ అన్నీ చెన్. చదివేవాడికీ సుఖం.

మలక్కాగాలి
ఒప్పుకోను. సింగపూర్‌లో సరిగ్గా ఇదే చేసి చూశారు. 1979లో మాండరిన్ మాట్లాడండి అనే ఉద్యమం మొదలైంది. 1980ల్లో బడిలో చేరే పిల్లల పేర్లు పిన్‌యిన్‌లో రాయాలని పట్టుబట్టారు. అంటే ఇంట్లో తాత టాన్, బళ్లో మనవడు చెన్. జనానికి నచ్చలేదు, 1990ల మొదట్లో ఆ పట్టు వదిలేశారు. దాని గుర్తు ఇప్పటికీ కనిపిస్తుంది: ఆ తరం వాళ్లలో చాలామందికి ఇంటిపేరు హొక్కియన్‌లో, సొంత పేరు పిన్‌యిన్‌లో.

ఊళ్ల పేర్లకీ అదే గతి పట్టింది. లిటిల్ ఇండియాలో మనవాళ్లు కూరగాయలకి వెళ్లే టెక్కా మార్కెట్‌కి 1980ల్లో జూజియావ్ సెంటర్ అని బోర్డు పెట్టారు. ఎవరూ ఆ పేరు పలకలేదు. 2000లో మళ్లీ టెక్కా అయింది. ఇషున్ అనే పేట పేరు మాత్రం నిలిచిపోయింది. అది రబ్బరు, అనాస తోటల వ్యాపారి లిమ్ నీ సూన్ పేరు. నీ సూన్‌ని మాండరిన్‌లో పలికితే ఇషున్. ఇవాళ అక్కడ ఇల్లు కొనుక్కునే కుర్రాడికి ఆ పేరులో ఒక మనిషి ఉన్నాడని బోర్డు చూస్తే తెలియదు.

టాన్ అనే పలుకులో ఫూజియన్ తీరం ఉంది, ఓడ ఉంది, రేవు ఉంది. దాన్ని చెన్‌గా దిద్దితే అవన్నీ పోతాయి. ఆ మనిషి తన పేరు ఎట్లా రాసుకుంటే అట్లాగే రాయాలి.

లిపిలోకం
మలక్కాగాలి గారి మాటే నాదీనూ. ఇంకో సంగతి, హొక్కియన్ హ్వాంగ్‌ల పేరు పలకడం ఇంగ్లీషువాళ్లకి కష్టం గానీ మనకి కాదు. ఒకటో తరగతిలో క ఖ గ ఘ ఙ చదువుకుంటాం. ఆ ఙ కి పొల్లు పెట్టి ముక్కుతో పలికితే సరిపోతుంది: ఙ్. "ఎన్‌జీ" అని అచ్చేసే బదులు మన దగ్గరున్న అక్షరం వాడుకోవచ్చు కదా.

గోదారిగట్టు
ఙ కి ఇన్నాళ్లకి పని దొరికింది! సరే, రెండో ప్రస్తావనలో ఏ ముక్క వాడాలో దేశాలవారీగా ఎవరైనా చెప్పండి.

చింతచిగురు
చైనా, కొరియా, సింగపూర్, మలేషియా చైనీయులు: మొదటి ముక్క. లీ క్వాన్ యూ అయితే "లీ".
వియత్నాం: ఇంటిపేరు ముందే ఉన్నా పిలిచేది చివరి ముక్కతో. న్గుయెన్ ఫు ట్రోంగ్ అయితే "ట్రోంగ్". హో చి మిన్ మినహాయింపు, ఆయన్ని "హో" అనే అంటారు.
థాయిలాండ్: సొంత పేరే. "తక్సిన్" అనాలి, షినవత్ర అనరు, ప్రధాని అయినా సరే.
ఇండోనేషియా: చాలామందికి అసలు ఇంటిపేరే ఉండదు, చివరి ముక్కని ఇంటిపేరు అనుకోవద్దు.
ఇంగ్లీషు పేరుంటే అది ఇంటిపేరుకి ముందు వస్తుంది, చైనా సొంత పేరు వెనక ఉంటుంది.

ఓరుగల్లు72
ఇండోనేషియా సంగతి ఎవరూ ముట్టుకోలేదు. విజయ, సలీం?

సుందా_దారి
అది సరదాగా మార్చుకున్న పేరు కాదు. 1965లో కమ్యూనిస్టుల మీద మొదలైన రక్తపాతం తర్వాత సుహార్తో చేతికి అధికారం వస్తున్న రోజుల్లో, 1966 డిసెంబరులో మంత్రివర్గ ప్రిసీడియం 127 నంబరు నిర్ణయం తెచ్చింది. చైనా పేరున్న పౌరులు ఇండోనేషియా పేరు పెట్టుకునేందుకు పద్ధతి సులువు చేసింది. కాగితం మీద బలవంతం లేదు. కానీ పేరు మార్చుకోనివాడి దేశభక్తిని శంకించే రోజులవి. మరుసటి ఏడు వచ్చిన 14వ నంబరు అధ్యక్ష ఆదేశం చైనా ఆచారాలు, పండుగలు బయట కనబడకుండా చేసింది. 2000లో అధ్యక్షుడు అబ్దుర్రహ్మాన్ వాహిద్ దాన్ని ఎత్తేశారు. చైనా కొత్త సంవత్సరం 2003 నుంచి జాతీయ సెలవు.

పేరు మార్చుకున్నవాళ్లు చాలామంది వంశం పలుకుని లోపల దాచుకున్నారు. లియెమ్‌ని సలీం, హలీం అనే పేర్లలో పెట్టారు. లియెమ్ సియో లియోంగ్ అలా సుదోనో సలీం అయ్యారు. టాన్‌ని సుతాంతో, తనోతో, తనువిజయ లాంటి పేర్లలో. ఊయి ఏక్ చోంగ్ అనే ఆయన ఏక చిప్త విజయ అయ్యారు, ఏక్ అన్న సొంత పేరు ముక్క ఏకగా నిలిచింది. బ్యాడ్మింటన్‌లో ఆల్ ఇంగ్లండ్ 8 సార్లు గెలిచిన రూడీ హార్తోనో పుట్టినప్పటి పేరు నియో హప్ లియాంగ్. అందులో పాత పలుకు ఏదీ మిగల్లేదు.

అందరూ మార్చుకోలేదు. తర్వాత మంత్రి అయిన క్విక్ కియన్ గీ మార్చుకోలేదు. విద్యార్థి ఉద్యమకారుడు సో హోక్ గీ కూడా అంతే, 1969లో సెమెరు పర్వతం మీద చనిపోయేదాకా అదే పేరు. ఆయన సొంత అన్న సో హోక్ జిన్ మాత్రం ఆరిఫ్ బుదిమన్ అయ్యారు. కాగితాలే చూస్తే ఈ ఇద్దరూ అన్నదమ్ములని తేలదు.

కొత్తపేట_కుర్రాడు
అంటే ఇండోనేషియాలో విజయ కనిపిస్తే చైనా మూలం అనుకోవచ్చా?

సుందా_దారి
అస్సలొద్దు. విజయ జావా, బాలి వాళ్ల పాత పేరు. మజపహిత్ రాజ్యాన్ని నిలబెట్టినవాడే రాదెన్ విజయ. చైనీయులు సంస్కృత మూలం ఉన్న పేర్లు ఎంచుకున్నది జావా వాళ్ల మధ్య కలిసిపోవాలనే. పాత పేరేంటో ఇంట్లోవాళ్లు చెప్పాలి, లేదా పాత పత్రాల్లో చూడాలి. పేరు మార్పిడి ఉత్తర్వు, పౌరసత్వ రుజువుకి ఒకప్పుడు అడిగిన ఎస్బీకేఆర్ఐ పత్రం చాలా ఇళ్లలో బీరువాలో భద్రంగా ఉంటాయి. ఆ రెండింట్లో పాత పేరు దొరకొచ్చు. పాత పేరు వెతికేటప్పుడు స్పెల్లింగ్ మార్పులూ చూసుకోవాలి: 1947 ముందు ఉ శబ్దానికి ఓ, ఈ అని రెండక్షరాలు రాసేవారు, 1972 సంస్కరణకి ముందు చ కి టీ, జే అని రాసేవారు.

వరంగల్_వాణి
థాయిలాండ్ కథ దీనికి పూర్తిగా భిన్నం. అక్కడ ఇంటిపేర్లే 1913లో వచ్చాయి, ఆరో రామ రాజు వజిరావుధ్ చట్టంతో. అప్పటిదాకా థాయిలకే లేవు. చైనా నుంచి వచ్చినవాళ్లు సే అని పెట్టి వంశం పేరు రాసేవారు: సే తాంగ్ (తియోచ్యూలో చెన్), సే లిమ్, సే ఉంగ్ (హ్వాంగ్).

థాయి ఇంటిపేరు పెట్టుకోవాలంటే ఇంకో కుటుంబం వాడుతున్నది పనికిరాదు. 1962 చట్టం ప్రకారం పది హల్లులు దాటకూడదు. చిన్న చిన్న మంచి పేర్లన్నీ ముందొచ్చినవాళ్లు తీసేసుకున్నారు. తర్వాత వచ్చినవాళ్లకి రెండు మూడు పాళీ, సంస్కృత ముక్కలు అతికించక తప్పలేదు. బారెడు ఇంటిపేరు కనిపిస్తే చైనా మూలం ఉండొచ్చని థాయిలే అనుకునేది అందుకే.

వంశం పలుకు మొదట్లో ఉంచుకోవడం వాళ్ల అలవాటు. పత్రికాధిపతి సోంధి లిమ్‌తోంగ్‌కున్‌లో లిమ్ ఉంది. 1959 నుంచి 1971 దాకా కేంద్ర బ్యాంకు గవర్నరుగా చేసిన పువే ఉంగ్‌ఫాకోన్‌లో ఉంగ్ ఉంది. మాజీ ప్రధాని చువాన్ లీక్‌పాయ్‌లో లీ. తక్సిన్ వాళ్లది హక్కా కుటుంబం, వంశం ఖూ. 1938లో షినవత్ర పెట్టుకున్నారు, అందులో ఖూ జాడే లేదు.

తెనాలి_చినబాబు
వజిరావుధ్ అంటే వజ్రాయుధుడు. మాజీ ప్రధాని అభిసిత్ వెజ్జాజీవ ఇంటిపేరు మన వైద్యజీవ. హక్కా వంశం ఇంటిపేరుని తెలుగువాడు నిఘంటువు లేకుండా చదివేస్తున్నాడు.

చింతచిగురు
ఫిలిప్పీన్స్ నేను రాస్తా. మనీలాలో బినొండో పేట 1594లో క్రైస్తవం పుచ్చుకున్న చైనీయుల కోసం ఏర్పడింది. జ్ఞానస్నానంలో ధర్మపిత ఇంటిపేరు తీసుకునేవారు, అలా స్పానిష్ పేరొచ్చింది. 1849లో గవర్నరు క్లావెరియా ఇంటిపేర్ల జాబితా పంచి అందరికీ ఇంటిపేరు ఉండాలన్నాడు.

ఫిలిప్పీన్స్ జాతీయ వీరుడు జోసె రిజాల్ సంగతే చూడండి. తండ్రి వైపు మూలపురుషుడు దొమింగో లామ్‌కో ఫూజియన్‌లోని చ్వాన్‌జౌ ప్రాంతం నుంచి వచ్చాడు, వంశం పేరు "క". మెర్కాదో అనే స్పానిష్ పేరు తీసుకున్నాడు. రిజాల్ అనేది తర్వాత కలిసింది. మూడు పేర్లలో ఎక్కడా వంశం పలుకు లేదు.

లామ్‌కో చివర కో చూశారా? హొక్కియన్‌లో కో అంటే అన్న. మన రామన్న, సోమన్న లాగే గౌరవంగా పిలిచిన పిలుపది. స్పానిష్ గుమాస్తా మొత్తం కలిపి ఒకే పేరుగా రాశాడు. కొహువాంగ్‌కో, తియోంగ్‌కో, యూచెంగ్‌కో అన్నీ ఆ బాపతే. కొహువాంగ్‌కోలో అసలు వంశం మొదటి కో, చివరి కో అన్న. కొరజోన్ అకినో పుట్టింటివాళ్లు వీళ్లే. అధ్యక్షురాలిగా 1988లో ఆమె ఫూజియన్‌లోని పూర్వీకుల ఊరు హోంగ్‌జియన్ వెళ్లి వచ్చారు.

ఓరుగల్లు72
మరి వియత్నాంలో త్రాన్‌లు, కొరియాలో కిమ్, లీలు అంతా చైనా నుంచి వచ్చినవాళ్లేనా?

పాతపటం
కాదు, చాలామంది ఇక్కడే తప్పులో కాలేస్తారు. వియత్నాం, కొరియా శతాబ్దాల పాటు చైనా లిపిలో రాసుకున్నాయి, ఇంటిపేర్లూ ఆ లిపిలోనే పెట్టుకున్నాయి. 2015 జనగణనలో దక్షిణ కొరియాలో కిమ్‌లు 21.5 శాతం, లీలు 14.7 శాతం. వాళ్లని చైనీయులంటే నవ్వుతారు. కొరియాలో ఇంటిపేరు కంటే వంశం పుట్టిన ఊరు ముఖ్యం: గిమ్హే కిమ్‌లు వేరు, గ్యోంగ్జు కిమ్‌లు వేరు.

వియత్నాంలో రాజవంశం మారితే పేర్లు మారేవి. త్రాన్ వంశం 1225లో గద్దెనెక్కి, 1232లో ఓడిన లీ వంశస్థులందర్నీ న్గుయెన్‌గా మార్చమంది. ఆ లీ వంశపు రాకుమారుడు ఒకడు ఓడలో కొరియా చేరాడని, అక్కడి హ్వాసాన్ లీలు అతని సంతతేనని వాళ్ల వంశావళి. అంటే హనోయ్‌లో న్గుయెన్, కొరియాలో లీ ఒకే రక్తం కావచ్చు, పక్కింటి ఇంకో లీ ఏమీ కాకపోవచ్చు.

దక్షిణ వియత్నాంలో హ్వాంగ్ అక్షరాన్ని హుయిన్ అని పలుకుతారు. అక్కడ ఏలిన న్గుయెన్ ప్రభువుల మూలపురుషుడి పేరు హోవాంగ్. దొర పేరు నోట రాకూడదని పలుకు మార్చారు.

గోదారిగట్టు
ఇంటిపేరు సరే. సొంత పేర్లలో కూడా అన్నదమ్ములకి ఒక ముక్క కలుస్తుంటుంది కదా, అదేంటి?

లిపిలోకం
తరం అక్షరం. వంశంవాళ్లు ఒక పద్యం రాసిపెట్టుకుంటారు. ఒక్కో తరం పద్యంలోని ఒక్కో అక్షరాన్ని వరసగా తమ పేరులో పెట్టుకోవాలి. కన్ఫ్యూషియస్ వంశంలో షియాంగ్, లింగ్, ద, వెయ్, చుయ్ వరసగా వస్తాయి. ఒకప్పటి చైనా ఆర్థికమంత్రి కోంగ్ షియాంగ్‌షీ 75వ తరం, ఒలింపిక్ టేబుల్ టెన్నిస్ విజేత కోంగ్ లింగ్‌హుయ్ 76, తైవాన్ వెళ్లిన కోంగ్ దచెంగ్ 77. పేరు వినగానే ఎవరు ఎవరికి బాబాయి వరసో తెలిసిపోతుంది, వయసుతో పనిలేదు.

ఆగ్నేయాసియాలో చూసేటప్పుడు జాగ్రత్త. తరం అక్షరం ఎప్పుడూ మధ్యలోనే ఉండదు. లీ క్వాన్ యూ తమ్ముళ్లు కిమ్ యూ, తియమ్ యూ, స్వాన్ యూ. ఉమ్మడి ముక్క చివర ఉంది. ఆయన కొడుకుల దగ్గరికొచ్చేసరికి షియెన్ లూంగ్, షియెన్ యాంగ్, ముందుకొచ్చింది. ఆడపిల్లలకి చాలా ఇళ్లలో తరం అక్షరం ఇవ్వరు, ఇస్తే వేరేది ఇస్తారు.

తెనాలి_చినబాబు
ఆహ్ కావ్ అనే పేరు పాత మలయా కాగితాల్లో బోలెడు. కావ్ అంటే కుక్క. బిడ్డ దక్కాలని, దుష్టశక్తుల కన్ను పడకూడదని పెట్టేవారు. మన పెంటయ్య, పుల్లయ్యలకి అక్కడ చుట్టాలున్నారు. ఆహ్ అన్నది పిలుపు ముక్క, తరం అక్షరం కాదు. అది చూసి అందరూ ఒకే తరం అనుకోవద్దు.

వరంగల్_వాణి
పేరు నుంచి వంశం, తరం దాకా వచ్చాం. ఊరు తెలుసుకోవాలంటే సమాధి రాయిని మించినది లేదు. చదివే పద్ధతి మలక్కాగాలి గారు రాస్తే బాగుంటుంది.

మలక్కాగాలి
రాస్తా, కాస్త పొడుగవుతుంది.

ముందు ఫోటో. రాతి మీద నాచు గీకొద్దు, సుద్ద పూయొద్దు, అక్షరాల అంచులు పోతాయి. నీళ్లు చల్లి, మెత్తటి గుడ్డతో అద్ది, ఒక పక్క నుంచి టార్చి లైటు ఏటవాలుగా వేయండి. అరిగిన అక్షరం కూడా నీడలో తేలుతుంది. మొత్తం రాయి ఒకటి, నాలుగు మూలలు విడివిడిగా తీయండి.

పైన అడ్డంగా ఉన్న రెండక్షరాలు ఊరు లేదా జిల్లా: తోంగ్‌ఆన్, నాన్‌ఆన్, ఆన్‌షీ, మెయ్‌షియన్ లాంటివి. ఒక్కోసారి ఊరి బదులు వంశపు ప్రాచీన సీమ ఉంటుంది: యింగ్‌చ్వాన్ అంటే చెన్ వంశం, షీహ అంటే లిన్, జియాంగ్‌షియా అంటే హ్వాంగ్, లోంగ్‌షీ అంటే లీ. పాత ఇళ్ల గుమ్మాల పైన పలకల మీదా ఇవే. ఇది ఊరు అనుకుని అక్కడికి వెళ్తే తాతలెవరూ దొరకరు, రెండు వేల ఏళ్ల కిందటి మాట అది.

నడుమ పెద్దక్షరాల నిలువు వరస చనిపోయినవాళ్లది. షియన్ ఖావ్ అంటే తండ్రి, షియన్ బీ అంటే తల్లి. ఆడవాళ్లకి రెండు ఇంటిపేర్లుంటాయి. "చెన్ మన్ లిన్ షీ" అంటే చెన్ వారి కోడలు, లిన్ వారి ఆడపడుచు. ఇక్కడున్న సొంత పేరు గుర్తింపు కార్డులో పేరుతో కలవకపోతే కంగారు పడొద్దు, మరణానంతరం ఇచ్చిన పేరు కావచ్చు.

కుడి పక్క తేదీ. గ్వాంగ్‌షు, షువాన్‌తోంగ్ అన్నవి చివరి ఇద్దరు చక్రవర్తుల ఏలుబడి పేర్లు, మిన్‌గువో అంటే ఆ తర్వాతి గణతంత్రం లెక్క. గ్వాంగ్‌షు ఏడాదికి 1874 కలపండి, షువాన్‌తోంగ్‌కి 1908, మిన్‌గువోకి 1911. మిన్‌గువో 25 అంటే 1936. నెల పన్నెండోది అయితే ఇంగ్లీషు లెక్కలో మరుసటి ఏడు జనవరి, ఫిబ్రవరి పడొచ్చు.

ఎడమ పక్క కొడుకులు, మనవళ్ల పేర్లు. ఇక్కడే తరం అక్షరం దొరుకుతుంది. ఊరి పేరు, ఇంటిపేరు, రెండు తరాల అక్షరాలు చేతిలో ఉంటే వంశావళి పుస్తకంలో కొమ్మ పట్టుకోవచ్చు. ఫ్యామిలీసెర్చ్‌లో స్కాన్ చేసిన చైనా వంశావళులు ఉచితంగా చూడొచ్చు.

పాతపటం
దీనికి రెండు కలపాలి. అడ్డ వరస పాత రాళ్లలో కుడి నుంచి ఎడమకి చదవాలి. ఇది మర్చిపోతే ఏమవుతుందో చూడండి: హైచెంగ్ ఫూజియన్‌లో, హొక్కియన్ల జిల్లా. చెంగ్‌హై గ్వాంగ్‌డాంగ్‌లో, తియోచ్యూ వాళ్లది. రెండింట్లో ఉన్నవి అవే రెండక్షరాలు, వరస తిరగబడిందంతే. తప్పు వైపు నుంచి చదివితే రాష్ట్రమే మారిపోతుంది. పైగా హైచెంగ్ అనే జిల్లా ఇప్పుడు పటంలో లేదు, 1960లో లోంగ్‌షీ జిల్లాతో (లీ వంశపు సీమ కాదు, ఫూజియన్‌లోని వేరే లోంగ్‌షీ) కలిపి లోంగ్‌హై చేశారు. పెనాంగ్‌లో ఖూ కోంగ్సీ అనే వంశ సంఘం వాళ్ల పూర్వీకుల ఊరు ఆ పాత హైచెంగ్ కిందిదే.

రెండోది వయసు. రాయి మీద వయసుకి ఆకాశం, భూమి, మనిషి పేరు చెప్పి మూడేళ్లు కలిపే ఆనవాయితీ చాలాచోట్ల ఉంది. 83 అని ఉంటే 80 కావచ్చు. రాతి మీది వయసుతో పుట్టిన ఏడు లెక్కగట్టి రిజిస్టరు వెతికితే దొరకదు.

సుందా_దారి
రాయి లేకపోతే ఉత్తరాలు చూడండి. డబ్బుతో పాటు ఇంటికి పంపిన ఉత్తరాల్ని చ్యావ్‌పీ అంటారు, 2013లో యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. కవరు మీద జిల్లా, పల్లె, వీధి వరసగా రాసి ఉంటాయి, పంపిన మొత్తం కూడా. డబ్బు చేరాలి కాబట్టి చిరునామా తప్పు రాయరు.

వరంగల్_వాణి
మలేషియాలో మన తెలుగువాళ్లకీ ఈ చిక్కు ఉంది. అక్కడి కాగితాల్లో భారతీయుల పేర్లు "ఫలానావారి కొడుకు, కూతురు" అనే పద్ధతిలోనే ఉంటాయి. రబ్బరు తోటలకి వెళ్లిన చాలా కుటుంబాల ఇంటిపేరు ఎక్కడా ఎక్కలేదు. చైనీయులకి రాతి మీద ఊరు మిగిలింది, మనవాళ్లకి అదీ లేదు. పెద్దవాళ్లు ఉండగానే ఇంటిపేరు, ఊరు అడిగి రాసిపెట్టుకోవాలి.

కొత్తపేట_కుర్రాడు
మాండరిన్‌లో రాసేద్దామన్న మాట వెనక్కి తీసుకోను గానీ బ్రాకెట్లో పెడదాం అంటాను :) సింగపూర్‌లో ఇలాంటి రాళ్లు చూడాలంటే ఎక్కడ? కొన్ని పేర్లు ఎర్రగా ఉంటాయని విన్నా, ఎందుకు?

మలక్కాగాలి
బుకిత్ బ్రౌన్. 1922లో తెరిచారు, 1973లో మూసేశారు, దాదాపు లక్ష సమాధులు. కొన్నింటికి తలపాగా పెట్టుకున్న సిక్కు కాపలాదారుల విగ్రహాలు అటూ ఇటూ ఉంటాయి, అది తప్పక చూడండి. రోడ్డు కోసం కొంత భాగం తవ్వేశారు.

ఎర్ర రంగు బతికున్నవాళ్ల పేరుకి. భర్త పోయినప్పుడే జంట సమాధి కట్టి భార్య పేరు ఎర్రగా చెక్కిస్తారు, ఆవిడ పోయాక రంగు మారుస్తారు. ఎరుపు అలాగే ఉండి మరణ తేదీ చోటు ఖాళీగా ఉంటే ఆవిడ వేరేచోట ఉన్నట్టు. అప్పుడు సింగపూర్ జాతీయ ఆర్కైవ్స్ వెబ్‌సైట్‌లో బుకిత్ బ్రౌన్ ఖనన రిజిస్టర్లు తెరవండి. రాసింది గుమాస్తా ఇంగ్లీషులో కాబట్టి పాతపటం గారు చెప్పినట్టు స్పెల్లింగ్ మార్చి మార్చి చూడాలి. పేరుతో కంటే తేదీతో వెళ్తే త్వరగా దొరుకుతుంది.